ఛాతీ కడిగే పాలు

మా ఆతి రివర్ ఊళ్ళో పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము అలాంటిది. అయినా మా వరుస ఇళ్ళలో ముంబువా దండెం మీది బట్టలు మాత్రం ఎప్పుడూ మిలమిలలాడుతూ ఉండేవి. ఆమె తెల్లగేటులో పని చేసేది. బట్టలు తెల్లబరిచే బ్లీచి, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పీపాల నుంచి సీసాల్లోకి నింపే ఫ్యాక్టరీ అది. గేటుకు తెల్లరంగు వేసి ఉంటుంది కాబట్టి ఊరంతా అలాగే పిలుస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తుండదు.

తెల్లగేటు వాళ్ళు ఏమి ఇచ్చినా ఇవ్వకపోయినా పాలు ఇచ్చేవారు. పని దిగి ఇంటికి వెళ్ళే ప్రతి మనిషి చేతిలోనూ గేటు దగ్గర ఒక అరలీటరు ప్యాకెట్టు పడేది. ఘాటు ఛాతీలో పేరుకోకుండా పాలు కడిగేస్తాయని ఇక్కడ అందరికీ నమ్మకం. వెల్డింగు వాళ్ళు తాగుతారు, కార్లకు రంగు చల్లేవాళ్ళు తాగుతారు. తెల్లగేటు మేనేజరు కిమెయుకు ఈ నమ్మకం మరికాస్త ఎక్కువ. ఎవరైనా కొత్తగా చేరిన పిల్ల మాస్కు అడిగితే, "పాలిస్తున్నాం కదమ్మా, మళ్ళీ ముక్కుకి గుడ్డెందుకు?" అనేవాడు. ప్యాకెట్లు బజారులో అమ్ముకుంటారేమోనని ఒక్కోదాని మీద నీలి సిరాతో ముద్ర కూడా వేయించేవాడు.

ఎవరూ అమ్ముకోలేదు. అలాగని తాగనూ లేదు. ఇంట్లో పిల్లలు గిన్నె పట్టుకుని ఎదురుచూస్తుంటే ఏ తల్లి గేటు దగ్గర నిలబడి అరలీటరు పాలు గటగటా తాగుతుంది? ముంబువా ప్యాకెట్టు నేరుగా మా వరుస చివరనున్న కలేక్యే పొయ్యి మీదికి వెళ్ళేది. కలేక్యే చపాతీలు కాల్చి అమ్ముతుంది కాబట్టి ఆమె పొయ్యి ఎప్పుడూ రాజుకునే ఉంటుంది. ముంబువా పాలు, నా పంచదార, కలేక్యే నిప్పులు. సాయంత్రం టీ అలా తయారయ్యేది. పాలు లేని టీని ఇక్కడ తురుంగి అంటారు. తురుంగి మన గొంతులో మనం పోసుకోవచ్చు గాని ఇంటికి వచ్చిన మనిషి చేతికి ఇస్తే తలవంపులు.

ఖాళీ ప్యాకెట్లను కూడా ముంబువా పారేసేది కాదు. మట్టి నింపి, ఒక్కో దాంట్లో ఒక్కో సుకుమ ఆకుకూర మొక్క పెట్టి, గోడ వెంబడి వరుసగా నిలబెట్టేది. నీలిముద్రలన్నీ వీధివైపు తిరిగి ఉండేవి. దూరం నుంచి చూస్తే యూనిఫారం వేసుకున్న బడిపిల్లల్లా ఉండేవి.

ఒకరోజు తెల్లగేటులో బ్లీచి పోయడానికి పీపాలు చాలలేదు. యాసిడ్ పీపా ఒకటి ఖాళీగా ఉంటే కిమెయు దాన్ని రెండు చెంబుల నీళ్ళతో కడిగించి, ముంబువాను పిలిచి, "కడిగాం కదా, పోసెయ్" అన్నాడు. ముక్కుకు తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుని ఆమె పోసింది. పీపా అడుగున మిగిలిన యాసిడ్, పైనుంచి పడ్డ బ్లీచి కలిసి పచ్చటి పొగ లేచింది. మిగతా వాళ్ళు గుమ్మం దగ్గర ఉన్నారు, పరుగెత్తారు. ముంబువా పీపా మీదికి వంగి ఉంది.

ఆస్పత్రి నుంచి తిరిగివచ్చిన ముంబువా వేరే మనిషి. మా వరుసను పొద్దున్నే నిద్ర లేపేది ఆమె గొంతే. ఎవరింట్లో పెళ్ళయినా నాలుక ఆడిస్తూ ఆమె తీసే కూత మొంబాసా రోడ్డు మీద లారీల హారన్లను మింగేసేది. ఇప్పుడు కుళాయి దగ్గర నుంచి నీళ్ళ డబ్బా మోయాలంటే మధ్యలో ఆగి గోడ పట్టుకోవలసి వస్తోంది. ఊపిరితిత్తులు కాలాయనీ, పీల్చే మందు మానకూడదనీ, మళ్ళీ ఆ ఘాటు దగ్గరకు వెళ్ళకూడదనీ డాక్టరు చెప్పాడు. తెల్లగేటు వాళ్ళు మందు ఖర్చుతో తమకు సంబంధం లేదన్నారు. పని కూడా లేదన్నారు. తమ సరుకు ప్రతి ఇల్లాలి ఇంట్లోనూ ఉండేదేననీ, దాని వల్ల ఎవరికీ ఏ హానీ లేదనీ, ముంబువాకు ముందునుంచే ఆయాసం ఉండి ఉంటుందనీ రాసి పంపారు.

"ఆయాసమా? ఈవిడకా?" కలేక్యే చపాతీల కర్ర గాలిలో తిప్పింది. "ఈవిడ కేకకి నా మొదటి మొగుడు ఇల్లొదిలి పారిపోయాడు!"

కలేక్యే వదలకుండా వెంటపడితే ముంబువా మచాకోస్ వెళ్ళి, కార్మికుల భద్రత చూసే కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చింది. ఆమెనూ కంపెనీవాళ్ళనూ పిలిచి విచారిస్తామని అక్కడి అధికారి కబురు పంపారు. కంపెనీదే బాధ్యత అని తేలితే మందూ, పరిహారమూ, ఘాటు లేని చోట పనీ వస్తాయి. తేలకపోతే ఆమెకు మిగిలేది ఆ సగం ఊపిరే.

విచారణ ఇంకా వారం ఉందనగా కిమెయు మా వరుసకు వచ్చాడు. జబ్బు మనిషిని చూడటానికి వచ్చినవాణ్ణి రావద్దనలేము. స్టూలు వేశాము.

"ఎలా ఉన్నావమ్మా ముంబువా?"

"ఊపిరుంది సార్. సగం."

"సగమైనా ఉంచాడు, దేవుడు గొప్పవాడు. ఈ ఆఫీసుల చుట్టూ తిరిగావంటే ఆ సగమూ కాస్తా అయిపోతుంది. వదిలెయ్యకూడదూ?"

కలేక్యే పళ్ళు నూరుతూనే లోపలికి వెళ్ళి టీ పెట్టింది. వచ్చినవాడు శత్రువైనా సరే, మన గుమ్మంలో తురుంగి తాగి వెళ్ళాడన్న మాట రాకూడదు. అందుకని కిరాణా కొట్టుకు పరుగెత్తి పాలు కొనుక్కొచ్చింది. వద్దన్నా మూడు చెంచాల పంచదార వేసింది. నా పంచదారే.

కిమెయు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఇంత చిక్కటి టీ మా ఇంట్లో కూడా దొరకదు. నీళ్ళు పోయరా మీరు?"

పొగిడితే కలేక్యేకు నాలుక మీద అదుపు ఉండదు. "ఇదేం చూశారు సార్! ఇవి కొట్టు పాలు. మీ ఫ్యాక్టరీ పాలయితే చెంచా నిలబడేది. ముంబువా తెచ్చే ప్యాకెట్టుతోనే కదా ఇన్నాళ్ళూ మేమంతా టీ తాగింది. మీ పేరు చెప్పుకుని తాగేవాళ్ళం."

కిమెయు చేతిలో కప్పు ఆగిపోయింది. అతని చూపు మెల్లగా గోడ వెంబడి నడిచింది. ఒక్కో నీలిముద్ర దగ్గరా ఆగింది.

"అంటే, ముంబువా తాగేది కాదా?"

"ఒక్కతే ఎలా తాగుతుంది సార్, ఇంతమందిమి చూస్తుండగా?"

కిమెయు లేచి నిలబడ్డాడు. ముఖం పండగలా ఉంది. "మా ఆవిడకి సుకుమ నారంటే ప్రాణం. ఈ మొక్క ఒకటి తీసుకెళ్ళనా?"

"ఒకటేం ఖర్మ, రెండు తీసుకెళ్ళండి" అంటూ కలేక్యే వాటిలో బలమైన దాన్ని ఏరి, ముద్ర చెరగకుండా తుడిచి మరీ ఇచ్చింది.

తెల్లగేటులో పనిచేసే ఆడవాళ్ళు మర్నాడు కుళాయి దగ్గర చెబితే గాని మాకు అర్థం కాలేదు. కిమెయు ఫ్యాక్టరీ అంతా తిరిగి చెబుతున్నాడట: "మేము మందిచ్చాం. ఆవిడ తాగలేదు. ఊరందరికీ టీ పెట్టింది. ఇంక బాధ్యత మాదెలా అవుతుంది?"

కలేక్యే రెండు చేతులతో నోరు మూసుకుంది. అది మూయవలసిన సమయం దాటిపోయింది.

ముంబువా గుమ్మం మీద కూలబడింది. "అతను అన్నదీ నిజమే కదే. రోజూ తాగి ఉంటే ఛాతీ ఇలా కాలేది కాదేమో. నా చేతులారా చేసుకున్నాను."

ఆ మాట విన్నాక మాలో ఒక్కరికి కూడా ఆ పూట టీ గొంతు దిగలేదు. ఆమె మందు మేము తాగేశామన్నట్టు ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము. చివరికి కలేక్యే తీర్మానం చేసింది. "తాగావు. అంతే. రోజూ తాగావు. అందరం అదే చెబుదాం. కోకి వాళ్ళమ్మా, నువ్వు కాలేజీ చదివావు, ఎలా చెప్పాలో నేర్పు" అంది నా వైపు తిరిగి.

నేను నేర్పింది చాలా చిన్నది: 'ఇంటికి రాగానే తాగేది.' అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దని చెప్పాను. ముంబువా చేత అనిపించి చూశాము. "ఇంటికి రాగానే..." అనేది, నేలచూపులు చూసేది, దగ్గు వచ్చేది. చర్చిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషి ఆమె. అబద్ధం ఆమె నోట్లో రాయి తగిలిన ముతొకోయి మొక్కజొన్న ముద్దలా అటూ ఇటూ తిరిగేదే గాని దిగేది కాదు.

"పోనీ నువ్వు దగ్గుతూ ఉండు" అంది కలేక్యే. "మాట్లాడే పని నాది."

విచారణ రోజు ముగ్గురం మటాటు వ్యాను ఎక్కి మచాకోస్ వెళ్ళాము. అధికారి స్యోకావు అనే ఆవిడ. సన్నగా ఉంటుంది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక కూడా కాసేపు ఆగి అప్పుడు నోరు తెరుస్తుంది. ఆ ఆగడంలోనే చాలామంది ఇంకో మాట జారుతారని నాకు అనిపించింది. ఆమె బల్లకు అవతలి పక్క కిమెయు కోటు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డ కప్పిన వస్తువు ఏదో ఉంది.

స్యోకావు కంపెనీ ముంబువాకు రాసిన ఉత్తరం చదివింది. "మీ సరుకు వల్ల హాని లేదన్నారు. అదే మాట మీద ఉన్నారా?"

"ఆ ఉత్తరం పక్కన పెట్టండి మేడమ్. అంతకంటే గట్టి సాక్ష్యం తెచ్చాను" అని కిమెయు గుడ్డ లాగాడు. మా సుకుమ మొక్క బల్ల మీదికి ఎక్కింది. ఆకులు వాడి వేలాడుతున్నాయి. నీలిముద్ర మాత్రం అధికారిని సూటిగా చూస్తోంది. "మా కంపెనీ ఈ మనిషికి రోజూ పాలిచ్చింది. రోజూ! తాగమని ఇస్తే ఈవిడ తాగలేదు."

"తాగింది!" కలేక్యే పిలవకుండానే లేచింది. నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. కొంగు నా చేతిలోకి వచ్చింది గాని మనిషి ఆగలేదు. "ఇంటికి రాగానే తాగేది మేడమ్. దూడలాగా తాగేది. ప్యాకెట్టు కొరికి, నిలబడ్డ చోటే నిలబడి, ఒక్క చుక్క కింద పడకుండా తాగేది. మేము అడిగినా ఇచ్చేది కాదు. ఎంత పిసినారో! పాలంటే పడి చచ్చేది. మూతి మీద తెల్లటి మీసంతోనే కుళాయి దగ్గరికొచ్చేది."

స్యోకావు ముంబువా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. తాగేదానివా?"

ముంబువా నోరు తెరిచింది. నేలచూపులు చూసింది. దగ్గు కోసం ఎదురుచూసింది. రోజుకు ఇరవైసార్లు పిలవకుండా వచ్చే దగ్గు, ఆ ఒక్కసారి రాలేదు.

"లేదు మేడమ్" అంది. "ఒక్కరోజు కూడా తాగలేదు. టీ పెట్టుకున్నాం. మా కలేక్యే మంచిది, నా కోసం అబద్ధమాడింది. తప్పు నాదే."

కలేక్యే కుర్చీలో కూలబడి, "సగం ఊపిరితో ఇంత నిజమా!" అని గొణిగింది.

కిమెయు రెండు చేతులూ చాపాడు. "విన్నారుగా మేడమ్! ఇంక నేను చెప్పడానికేముంది?"

స్యోకావు ఎప్పటిలాగే కాసేపు ఆగింది. "ఒకటుంది. పాలెందుకు ఇస్తున్నారు?"

"ఘాటు నుంచి కాపాడటానికి మేడమ్. యాసిడ్ ఘాటంటే ఏమనుకున్నారు? ఛాతీని తినేస్తుంది. దానికి బ్లీచి తోడయిందా, ఇంక పచ్చి విషమే. ఆ విషం కడగడానికే పాలు."

"ఇది విషమని మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఫ్యాక్టరీ తెరిచిన రోజు నుంచీ! మా పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, పాలు లేకుండా ఒక్క మనిషిని కూడా పీపాల దగ్గరికి పంపొద్దని." ఆ మాట అంటూ గర్వంగా కోటు సర్దుకున్నాడు.

స్యోకావు ఉత్తరాన్ని రెండు వేళ్ళతో అతని ముందుకు జరిపింది. "ఇందులో హాని లేదని రాశారు."

కిమెయు దాన్ని తీసి కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు.

"అది సీసాలో ఉన్నప్పుడు మేడమ్" అన్నాడు కిమెయు.

"ముంబువా పని సీసాలోనా, పీపా దగ్గరా?"

"పీపా దగ్గర."

"పాలు కాక ఇంకేం ఇచ్చారు? ముక్కుకి మాస్కు? చేతులకి తొడుగులు? ఘాటు బయటికి లాగే ఫ్యాను?"

"పాలిస్తున్నాం కదా మేడమ్."

"తాగిన పాలు ఎక్కడికి పోతాయి కిమెయుగారూ?"

"కడుపులోకి."

"పీల్చిన ఘాటు?"

కిమెయు చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. అక్కడ నుంచి పొట్ట మీదికి దిగింది. మళ్ళీ పైకి రాబోయి, దారి తెలియనట్టు మధ్యలో ఆగి, చివరికి కోటు జేబులో దూరింది.

"అసలు పాలు మందేం కాదు మేడమ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఊరికే, పనివాళ్ళ మీద ఆదరంతో ఇచ్చేవి."

"ఆదరంతో ఇచ్చినవైతే ఆవిడ టీ పెట్టుకుంటే తప్పేముంది?" స్యోకావు గొంతు పెంచలేదు. "మందయితే విషమని తెలిసీ మాస్కు ఇవ్వలేదు. ఆదరమైతే ఆవిడ చేసిన తప్పే లేదు. రెంటిలో ఏది రాసుకోమంటారు?"

కిమెయు మొక్క వైపు చూశాడు, అదేమైనా సలహా ఇస్తుందేమోనని.

"యాసిడ్ పీపాలో బ్లీచి పోయమన్నదెవరు?"

"కడిగిన పీపాయే మేడమ్..."

"ఎవరు?"

"నేనే. తొందరలో."

స్యోకావు ముంబువాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. పాలు తాగినా తాగకపోయినా ఆ పొగ ఛాతీని అలాగే కాల్చేదనీ, పనిచోట ప్రమాదం ఉందని తెలిసిన యజమాని దాన్ని అడ్డుకునే పనిముట్లు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే బాధ్యత యజమానిదేననీ చెప్పింది. మందూ, పరిహారమూ, ఘాటు లేని గదిలో పనీ కంపెనీయే ఇవ్వాలంది. మాస్కు లేకుండా ఇక ఎవరూ పీపా దగ్గర నిలబడకూడదనీ, తానే వచ్చి చూస్తాననీ కిమెయుతో అంది. ముంబువా ముఖంలో మొదట కనబడింది గెలిచిన సంతోషం కాదు. తన చేతులారా చేసుకోలేదని తెలిసిన నిమ్మళం.

లేవబోతూ స్యోకావు అడిగింది. "ఈ మొక్క ఎవరిది?"

"నాది మేడమ్."

"సాక్షిగా పిలిచి నీళ్ళయినా ఇవ్వలేదు" అని తన గ్లాసులోవి దానికి పోసి ముంబువా చేతికి ఇచ్చింది.

కథ ఇక్కడితో ఆగితే మేము హాయిగా ఉండేవాళ్ళం. కాని తెల్లగేటుకు మాస్కులు వచ్చిన రోజే పాలు ఆగిపోయాయి. "మాస్కు చాలని ఆఫీసే చెప్పింది కదా" అన్నాడు కిమెయు. మాస్కులు రబ్బరు కంపు కొట్టేవి, ముఖం మీద గీతలు పడేవి, మాట్లాడితే వినపడేవి కావు. ఇంటికి వెళ్తే పిల్లలు ఖాళీ చేతుల వైపు చూసేవారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ముంబువా వినేలా అనుకునేవారు.

"అప్పుడేమో తనవి కూడా తాగలేదు. ఇప్పుడు ఊరందరివీ ఒక్క గుక్కలో తాగేసింది."

ముంబువా వినిపించుకోనట్టు డబ్బా నింపుకునేది. సీసాలకు కాగితాలు అంటించే గదిలో, కిటికీ పక్కన ఆమెకు పని ఇచ్చారు. పీల్చే మందు సంచిలో ఉండేది. ఎవరూ ఆమెతో కలిసి నడిచేవారు కాదు. మా సాయంత్రపు టీ తురుంగి అయింది. కలేక్యే దాన్ని కప్పులో తిప్పుతూ, "నీ న్యాయం మరీ చేదుగా ఉందే తల్లీ" అనేది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒకనాడు పీపాల గదిలో గొట్టం ఊడిపోయింది. నేల మీద మడుగు కట్టిన యాసిడ్‌లోకి బ్లీచి చిమ్మింది. అదే పచ్చటి పొగ. ఆడవాళ్ళు మాస్కులతోనే ఒకరి వెనక ఒకరు బయటికి నడిచి వచ్చి, రోడ్డు పక్కన నిలబడి, మాస్కులు తీసి ముఖాల మీది గీతలు చూసుకున్నారు. అంతే. ఒక్కరు కూడా దగ్గలేదు. చివరగా కిమెయు వచ్చాడు. మాస్కు లేనిది అతనికి ఒక్కడికే. ఇస్త్రీ కాలరు నలుగుతుందని పెట్టుకోలేదట. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతుంటే గేటు పట్టుకుని, "పాలు! ఎవరైనా పాలు తెండి!" అని అరిచాడు.

"ఆపేశారు కదా సార్" అని ఎవరో అన్నారు.

పీపాల గది లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు కాబట్టి అతనికి పెద్దగా ఏమీ కాలేదు. ఆస్పత్రిలో ఒక పూట ఉంచి పంపారు. పంపేముందు అతన్ని నీళ్ళతో ముఖం కడుక్కోమన్నారే గాని పాలు తాగమనలేదని అక్కడ నర్సుగా పనిచేసే మా పొరుగావిడ చెప్పింది.

మర్నాడు సాయంత్రం ముంబువా పని నుంచి వచ్చేసరికి ఆమె గుమ్మం మీద పాల ప్యాకెట్టు ఉంది. దాని మీద ముద్ర లేదు. కొట్టులో కొన్నది. ఎవరు పెట్టారో చెప్పడానికి ఎవరూ లేరు గాని, కుళాయి దగ్గర తెల్లగేటు ఆడవాళ్ళందరూ ఒకేసారి డబ్బాలు కడుగుతున్నారు. అప్పటికే కడిగిన డబ్బాలు.

కలేక్యే పొయ్యి ఊదింది. నేను పంచదార తెచ్చాను. ముంబువా ప్యాకెట్టు మూల పంటితో కొరికి గిన్నెలో వంచబోయి ఆగింది. మమ్మల్ని, కుళాయి వైపునున్న వాళ్ళని ఒకసారి చూసి, ప్యాకెట్టు ఎత్తి ఒక పెద్ద గుక్క తాగింది. మూతి మీద తెల్లటి మీసం వచ్చింది.

"ఇదేమిటే?" అంది కలేక్యే.

"మళ్ళీ ఎవరైనా అడిగితే నువ్వు అబద్ధం ఆడకుండా ఉండటానికి" అని మిగతా పాలు టీ గిన్నెలో పోసింది ముంబువా.